తెగిన మరలకు ఇంటి వద్దే మరమ్మతు: డ్రిల్ బిట్లు, ట్యాపులు, హెలికాయిల్ ఎంపిక

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం, ఆ చుట్టుపక్కల నల్లమల అంచు పల్లెల్లో వర్షాధార సేద్యమంతా పదును మీదే నడుస్తుంది. నల్లరేగడిలో శనగ వేసే రైతుకు అక్టోబరు, నవంబరు నెలల్లో దొరికే పదును కొద్ది రోజులే. పైమట్టి ఆరితే విత్తనం మొలవదు. సరిగ్గా అప్పుడే గొర్రు చట్రానికి బిగించే బోల్టు మర తెగుతుంది, లేదా స్ప్రేయరు ఇంజిన్ ప్లగ్గు రంధ్రంలో నిలవకుండా ఊడి వస్తుంది. ఆళ్లగడ్డలో లేతు షాపుకు తీసుకుపోతే అక్కడ అప్పటికే పదిమంది సామాను వరుసలో ఉంటుంది. రాకపోకల ఖర్చు సరే, పోయిన పదును తిరిగి రాదు.

ఇలాంటి మరమ్మతుల్లో చాలా వాటిని ఇంటి దగ్గరే అరగంటలో చేసుకోవచ్చు. దానికి కావలసిన సామాను కొంచెమే. అయితే చాలామంది ముందు పెద్ద డబ్బా నిండా బిట్లు కొని, ఆ తర్వాత తమ బోల్టు సైజు ఏమిటో చూస్తారు. ఇది తలకిందుల పద్ధతి. ముందు మన యంత్రాల మీద ఉన్న మర ఏ రకమో తెలుసుకోవాలి, ఆ తర్వాతే కొనాలి.

మరలు ఎందుకు తెగుతాయి?

షాపుల్లో త్రెడ్డు అనేదే మన మర. ఇనుప బోల్టు ఇనుప నట్టులో ఉన్నంతవరకు పెద్ద సమస్య లేదు, నట్టు పోతే కొత్తది వేస్తాం. చిక్కంతా యంత్రం ఒంటిలోనే మర కోసి ఉన్నచోట వస్తుంది. స్ప్రేయరు ఇంజిన్, కలుపు కోసే బ్రష్ కట్టర్ గేరు పెట్టె, మోటారు సైకిల్ ఇంజిన్ అడుగు ఆయిల్ బోల్టు, ఇవన్నీ అల్యూమినియం పోత. అల్యూమినియం మెత్తన, బోల్టు గట్టిది. బిగింపు ఎక్కువైతే బోల్టుకు ఏమీ కాదు, రంధ్రంలోని మర పొట్టులా రాలిపోతుంది. నీళ్ల పంపు, డీజిల్ ఇంజిన్ బీడుతో చేసి ఉంటాయి. బీడు అంత త్వరగా మర పోగొట్టుకోదు కానీ, తుప్పు పట్టిన బోల్టును బలవంతంగా తిప్పితే బోల్టు లోపలే విరిగి ఉండిపోతుంది.

బిగింపు ఎంత ఉండాలో ఒక అంచనా ఉంటే చాలావరకు ఈ నష్టమే రాదు. 6 మి.మీ. బోల్టుకు దాదాపు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే 10 సెం.మీ. పొడవున్న పానా చివర సుమారు 10 కిలోల బలం. 8 మి.మీ. బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు, అంటే 15 సెం.మీ. పానా చివర 17 కిలోల దాకా. అల్యూమినియంలో ఇంకొంచెం తక్కువ. పానాకు పైపు తొడిగి ఒంటి బరువంతా వేసే అలవాటు కల్టివేటర్ బోల్టుల వరకు పనికొస్తుంది. అదే అలవాటు స్ప్రేయరు మీద చూపిస్తే మర ఉండదు.

మిల్లీమీటరా, అంగుళమా?

మన దేశంలో 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చి మెట్రిక్ పద్ధతి మొదలైంది. అయినా పొలం యంత్రాల మీద అంగుళాల మరలు పూర్తిగా పోలేదు. ఇంగ్లండు, అమెరికా నమూనాల మీద తయారైన పాత ట్రాక్టర్ల మీద యు.ఎన్.సి., యు.ఎన్.ఎఫ్. అనే అంగుళాల మరలు ఉంటాయి. నీటి పైపులకు, పంపు కనెక్షన్లకు ఇప్పటికీ బి.ఎస్.పి. అనే పైపు మరే. ఇంజిన్లు, స్ప్రేయర్లు, కొత్త పనిముట్లు ఎక్కువగా మిల్లీమీటర్ల మరతో వస్తున్నాయి. ఒకే ఇంట్లో మూడు రకాలూ ఉండడం మామూలే.

గుర్తుపట్టడానికి మొదట బోల్టు తల చూడాలి. తల మీద 8.8 లేదా 10.9 అని అంకె ఉంటే అది మిల్లీమీటర్ల బోల్టు. అంకెకు బదులు మధ్య నుంచి అంచుకు గీతలు ఉంటే (మూడు గాని, ఆరు గాని) అది అంగుళాల బోల్టు. ఏదీ లేకపోతే కొలవాలి. బోల్టు మీద వరసగా పది మరల దూరాన్ని స్కేలుతో కొలిచి పదితో భాగిస్తే పిచ్ వస్తుంది. 12.5 మి.మీ. వస్తే పిచ్ 1.25. 15 వస్తే 1.5. ఇంకా సులువైన దారి, తెలిసిన బోల్టును పక్కన పెట్టి రెండు మరలనూ ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఆనించి వెలుతురుకు పట్టి చూడడం. సరిపోతే సందు కనపడదు. సరిపోకపోతే రెండు మూడు మరల తర్వాత వెలుతురు దూరుతుంది. పిచ్ గేజి అనే చిన్న ఆకుల కట్ట కూడా దొరుకుతుంది, దాని ఖరీదు పెద్దగా ఉండదు.

ఇక్కడ ఒక మోసం గురించి రైతులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 12 మి.మీ. బోల్టు తలకు సాధారణంగా 19 పానా పడుతుంది. అర అంగుళం బోల్టు తల ముప్పావు అంగుళం, అంటే 19.05 మి.మీ. దానికీ అదే 19 పానా పడుతుంది. పానా ఒకటే కదా అని అర అంగుళం రంధ్రంలో 12 మి.మీ. బోల్టు వేస్తే అది లోపలికి పోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ అర అంగుళం అంటే 12.7 మి.మీ. బోల్టు మర రంధ్రం మరను అంచున మాత్రమే పట్టుకుని ఉంటుంది. బరువు పడగానే రెండూ తెగుతాయి. ట్రాక్టరుకు పనిముట్టు తగిలించే చోట ఇలాంటి బోల్టు ఊడితే మనిషికే ప్రమాదం. పాత ట్రాక్టరు మీద మునుపటి యజమాని ఏది దొరికితే అది బిగించి ఉంటాడు, కాబట్టి బోల్టును కాదు, రంధ్రాన్నే నమ్మి కొలవాలి.

డ్రిల్ బిట్ల ఎంపిక

ఆళ్లగడ్డ అంటే రాతి శిల్పాలకు పేరు. అందువల్ల ఆ ఊరి హార్డ్‌వేర్ షాపుల్లో రాతికి, గోడకు వాడే బిట్లు కూడా కుప్పలుగా ఉంటాయి. వాటి కొనన అతికించిన కార్బైడ్ ముక్క ఉంటుంది. అవి రాయిని కొట్టి పొడి చేయడానికి తయారైనవి, ఇనుమును కోయవు. ఇనుముకు హెచ్.ఎస్.ఎస్. అని రాసి ఉన్న బిట్టు కావాలి. హై స్పీడ్ స్టీల్ అన్నమాట. వేడెక్కినా పదును పోకపోవడం దాని గుణం.

బంగారు రంగు పూతతో నూరు ముక్కల డబ్బాలు చవకగా అమ్ముతారు. ఆ రంగు చూసి కొనవద్దు. అసలైన టైటానియం నైట్రైడ్ పూత మంచిదే కానీ, చవక డబ్బాల్లో బిట్టు లోపలి ఉక్కే నాసిరకంగా ఉంటే పై రంగు ఏమీ చేయలేదు. పైగా ఆ నూరింటిలో మనకు కావలసిన సైజు ఉండదు. ఆడిసన్, మిరాండా, టోటెం వంటి పేరున్న కంపెనీల బిట్లు విడిగా ఒక్కొక్కటి దొరుకుతాయి. అదే డబ్బుతో ఆరు మంచి బిట్లు కొనుక్కోవడం మేలు.

ఏ సైజులు? మర కోయడానికి ముందు వేసే రంధ్రం బోల్టు కంటే చిన్నదిగా ఉండాలి. లెక్క చాలా సులువు: బోల్టు సైజులోంచి పిచ్ తీసేయాలి. 10 మి.మీ. బోల్టు, పిచ్ 1.5 అయితే 8.5 మి.మీ. రంధ్రం. మామూలుగా వాడే సైజులు ఇవి:

6 మి.మీ. బోల్టు, పిచ్ 1 – బిట్టు 5 మి.మీ.
8 మి.మీ. బోల్టు, పిచ్ 1.25 – బిట్టు 6.8 మి.మీ.
10 మి.మీ. బోల్టు, పిచ్ 1.5 – బిట్టు 8.5 మి.మీ.
12 మి.మీ. బోల్టు, పిచ్ 1.75 – బిట్టు 10.2 మి.మీ.

సన్న మర ఉన్న బోల్టులకు రంధ్రం మారుతుంది. 10 మి.మీ. బోల్టుకు పిచ్ 1.25 అయితే 8.8 మి.మీ. బిట్టు వాడాలి.

అర మిల్లీమీటరు తేడాతో వచ్చే మామూలు సెట్లలో 6.8, 10.2 ఉండవు. ఇక్కడే ఎక్కువ ట్యాపులు విరుగుతున్నాయి. 6.8 లేదని 6.5 బిట్టుతో రంధ్రం వేసి 8 మి.మీ. ట్యాపు దించితే ట్యాపు తొంభై శాతానికి పైగా లోతు మర కోయాల్సి వస్తుంది, మధ్యలో పట్టేసి విరుగుతుంది. తప్పనిసరైతే చిన్న బిట్టుకు బదులు కొంచెం పెద్దది, అంటే 7 మి.మీ. వాడుకోవచ్చు. అప్పుడు మర లోతు 60 శాతం పైచిలుకు వస్తుంది. ఇనుములో తగినంత లోతు రంధ్రం ఉంటే అది చాలు. అల్యూమినియంలో మాత్రం 6.8 తెచ్చుకునేదాకా ఆగడం మంచిది.

కోబాల్ట్ కలిసిన బిట్లు, ఎం 35 అని రాసి ఉండేవి, ఖరీదు ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు, లోపల విరిగిపోయిన గట్టి బోల్టులు తొలచడానికి అవి పనికొస్తాయి. 3 మి.మీ., 5 మి.మీ. రెండు చాలు. అవి పెళుసు, చేతి డ్రిల్లు కొంచెం వంగితే విరుగుతాయి.

వేగం, నూనె

బిట్టు కాలిపోవడానికి అసలు కారణం ఎక్కువ వేగం. మెత్తని ఇనుములో హెచ్.ఎస్.ఎస్. బిట్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు కావాలో తెలియాలంటే 8000ను బిట్టు సైజుతో భాగించండి. 5 మి.మీ. బిట్టుకు 1600, 10 మి.మీ. బిట్టుకు 800. ఇళ్లలో ఉండే చిన్న 10 మి.మీ. డ్రిల్లు మిషన్లు చాలావరకు పూర్తి వేగంలో 2500కు పైనే తిరుగుతాయి. కాబట్టి పెద్ద బిట్టు వేసినప్పుడు ట్రిగ్గరు సగం మాత్రమే నొక్కాలి. వేగం తగ్గించే వీలు లేని మిషను ఇనుముకు కొనవద్దు. గోడకు వాడే సుత్తి గుర్తు స్విచ్చు ఉంటే దాన్ని మామూలు డ్రిల్లు గుర్తుకు తిప్పుకోవాలి. ఆ సంగతి మరిచిపోతే బిట్టు పదును ఒక్క రంధ్రంలోనే పోతుంది. స్టెయిన్‌లెస్‌కు వేగం సగానికంటే తగ్గించి, ఒత్తిడి పెంచాలి. బిట్టు తిరుగుతూ కోయకుండా రుద్దుకుంటే ఆ చోటు గట్టిపడి ఇక ఎంత చేసినా దిగదు.

ఇనుముకు కటింగ్ ఆయిల్, లేకపోతే కొత్త ఇంజిన్ ఆయిల్ చుక్కలు వేస్తూ ఉండాలి. అల్యూమినియంకు కిరోసిన్ మంచిది, దొరక్కపోతే డీజిల్. బీడుకు ఏ నూనే వద్దు, పొడిగానే తొలవాలి. నూనె వేస్తే బీడు పొడి ముద్దలా మారి బిట్టును అరగదీస్తుంది.

రంధ్రం మొదలుపెట్టే చోట సెంటర్ పంచ్‌తో గుంట కొట్టాలి. 8 మి.మీ. దాటిన రంధ్రాలకు ముందు 3 లేదా 4 మి.మీ. బిట్టుతో దారి వేసుకోవాలి. చిన్న ముక్కను చేత్తో పట్టుకుని తొలవరాదు, బిట్టు అవతలికి దిగే క్షణంలో అది చేతిని తిప్పేస్తుంది. వైస్‌లో బిగించాలి. చేతి గుడ్డలు, వేలాడే తువాలు, వదులు పంచె కొంగు మిషను దగ్గర ఉండకూడదు. కళ్లకు అద్దాలు తప్పనిసరి. బీడు రజను కంట్లో పడితే రుద్దకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ట్యాపులు

మర కోసే పనిముట్టు ట్యాపు. చేతి ట్యాపులు ఒక్కో సైజుకు మూడు కలిపి సెట్టుగా వస్తాయి. మొదటిదానికి కొన వైపు ఏటవాలు ఎక్కువ, తేలికగా దిగుతుంది. రెండోది మరను లోతు చేస్తుంది. మూడోది గుడ్డి రంధ్రం అడుగుదాకా మర కోస్తుంది. అవతలికి తెరుచుకున్న రంధ్రమైతే మొదటి రెండింటితోనే పని అయిపోవచ్చు. మూడో ట్యాపుతో మొదలుపెట్టడం ట్యాపు విరగ్గొట్టుకోవడానికి దగ్గరి దారి.

కార్బన్ స్టీలు ట్యాపులు చవక. ఏడాదికి రెండు మూడు మరలు శుభ్రం చేసుకోవడానికి అవి చాలు. కొత్త రంధ్రాల్లో మర కోసేవారు హెచ్.ఎస్.ఎస్. సెట్టు కొనాలి. ట్యాపు పట్టే రెండు చేతుల హ్యాండిలు తప్పనిసరిగా కావాలి. పానాతో ఒక వైపు నుంచి తిప్పితే ట్యాపు పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన ట్యాపు విరుగుతుంది.

నిటారుగా దిగడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. అంగుళం మందం ఉన్న ఇనుప ముక్కలో, ట్యాపు వదులు లేకుండా జారేంత రంధ్రాన్ని డ్రిల్ ప్రెస్ ఉన్న షాపులో ఒకసారి వేయించుకుని ఉంచుకోండి. ఆ ముక్కను రంధ్రం మీద బోర్లా ఆనించి అందులోంచి ట్యాపు దించితే అది వంకర పోదు. 8, 10, 12 మూడు సైజులకూ ఒకే ముక్కలో మూడు రంధ్రాలు వేయించుకోవచ్చు.

తిప్పే పద్ధతి అందరూ చెప్పేదే: అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. వెనక్కు తిప్పినప్పుడు రజను తెగి పడుతుంది, అప్పుడు చిన్న టిక్కుమని చేతికి తెలుస్తుంది. ఆ టిక్కు తెలియకుండా బరువు పెరుగుతూ పోతే ఆపి, ట్యాపును పూర్తిగా బయటికి తీసి తుడిచి మళ్లీ దించాలి. విరిగిన ట్యాపును మామూలు బిట్టుతో తొలవడం కుదరదు, రెండూ ఒకే గట్టి ఉక్కు. విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కరిగించే స్పార్క్ ఎరోజన్ యంత్రం ఉన్న టూల్ రూముకు పోవాల్సి వస్తుంది. అప్పుడయ్యే ఖర్చు కొత్త విడిభాగం ఖర్చుకు దగ్గరగా ఉంటుంది.

మర తెగలేదు, తుప్పు, మట్టి, ఎండిన మందు పేరుకుని బోల్టు ఎక్కడం లేదంతే అనుకుంటే ట్యాపు అసలు వద్దు. ట్యాపు ఉన్న మరను కూడా కొంచెం కోసేస్తుంది. అదే సైజు పాత బోల్టు ఒకటి తీసుకుని, కొన నుంచి నిలువునా హ్యాక్సా బ్లేడుతో మూడు గాడులు కోసి, అంచుల మీది పొరను ఆకురాయితో తీసేయండి. దీన్ని నూనెతో దించి వెనక్కు తీస్తే చెత్త గాడుల్లోకి వచ్చేస్తుంది. పైసా ఖర్చు లేని పనిముట్టు ఇది.

ఉన్న మర పూర్తిగా పోతే

మూడు దారులున్నాయి. రంధ్రం పెద్దది చేసి పెద్ద బోల్టు వేయడం మొదటిది. గొర్రు చట్రం, ట్రాలీ తలుపు వంటి చోట ఇదే చేయాలి, ఖర్చూ తక్కువ. కానీ బోల్టు వెళ్లే రెండో భాగంలోని రంధ్రం కూడా పెంచాల్సి వస్తుంది. ఇంజిన్ మూత, గేరు పెట్టె లాంటి చోట అది కుదరదు. రెండోది వెల్డింగుతో పూడ్చి మళ్లీ కోయడం. మెత్తని ఇనుములో సరే. బీడులో పక్కన పగుళ్లు వస్తాయి. అల్యూమినియంకు ఆర్గాన్ వెల్డింగు కావాలి, అది చేసేవారు ప్రతి ఊళ్లో ఉండరు.

మూడోది లోపల కొత్త మర తొడగడం. తీగ చుట్ట రూపంలో ఉండే దాన్ని మన మెకానిక్కులు హెలికాయిల్ అంటారు. నిజానికి అది ఒక కంపెనీ పెట్టిన పేరు, ఇప్పుడు అన్నిటికీ అదే పేరు వాడుతున్నాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల అల్యూమినియం ఇంజిన్లలో మరలు బలంగా ఉండడానికి వీటిని బాగా వాడారు. అంటే ఇది పాడైనదాన్ని అతుకు వేసే పని మాత్రమే కాదు, కొత్త ఇంజిన్లలోనే ముందుగా వేసే బలం. స్టెయిన్‌లెస్ తీగ చుట్ట లోపలి వైపు పాత బోల్టు సైజే ఉంటుంది. బయటి వైపు పెద్ద మర కాబట్టి అల్యూమినియాన్ని ఎక్కువ చోట పట్టుకుంటుంది. సరిగ్గా వేసినది మొదటి మరకంటే గట్టిగా నిలుస్తుంది.

హెలికాయిల్‌కు మామూలు ట్యాపు పనికిరాదని గుర్తుంచుకోవాలి. దానికి ప్రత్యేకమైన ట్యాపు ఉంటుంది. 8 మి.మీ. హెలికాయిల్ ట్యాపు బయటి కొలత దాదాపు 9.6 మి.మీ. పిచ్ మాత్రం 8 మి.మీ. బోల్టుదే, అంటే 1.25. అందుకే 10 మి.మీ. ట్యాపుతో పని జరగదు. రంధ్రం బిట్టు 8.3 లేదా 8.4 మి.మీ., కిట్టులో ఏది ఇస్తే అదే వాడాలి. కాబట్టి బిట్టు, ట్యాపు, ఎక్కించే పనిముట్టు, పది చుట్టలు కలిసి వచ్చే కిట్టునే కొనాలి. విడి చుట్టలు చవక అని కొంటే వాటితో ఏమీ చేయలేరు.

కొనేముందు రంధ్రం చుట్టూ గోడ మందం చూడండి. 9.6 మి.మీ. మర కోశాక పక్కన కనీసం 2 లేదా 3 మి.మీ. లోహం మిగలకపోతే అక్కడ హెలికాయిల్ వేయవద్దు.

ఎక్కించే పద్ధతి: పాత మరను బిట్టుతో తీసేసి, ప్రత్యేక ట్యాపుతో కోసి, రజను అంతా ఊది శుభ్రం చేయాలి. చుట్ట మామూలుగా రంధ్రం కంటే కొంచెం లావుగా ఉంటుంది. పనిముట్టు దాని అడుగున ఉన్న అడ్డ తోకను పట్టి తిప్పడంతో అది సన్నబడి దిగుతుంది, వదిలేయగానే విచ్చుకుని గట్టిగా పట్టుకుంటుంది. కిందికి నొక్కకూడదు, తిప్పితే దానంతట అదే దిగుతుంది. పై అంచు రంధ్రం ముఖం కంటే పావు నుంచి అర చుట్టు లోపల ఆగాలి. పైకి తేలితే మూత కూర్చోదు. చివరికి పంచ్‌తో ఒక్క దెబ్బ కొడితే తోక విరిగిపోతుంది. ఆ ముక్క బయటికి వచ్చిందో లేదో చూసుకోవాలి.

ఈ మాట ఎందుకంటే, స్ప్రేయరు ఇంజిన్ ప్లగ్గు రంధ్రమే ఈ పని ఎక్కువగా అవసరమయ్యే చోటు. అక్కడ తోక ముక్క సిలిండరులో పడితే పిస్టను గీసుకుపోతుంది. చాలా ఇంజిన్లలో ప్లగ్గు మర 14 మి.మీ., పిచ్ 1.25. కొన్ని చిన్న ఇంజిన్లలో వేరే సైజు ఉంటుంది, ప్లగ్గునే కొలిచి కిట్టు కొనాలి. ప్లగ్గు మర పొడవుకు సమానమైన చుట్ట ఎంచుకోవాలి. పొట్టిది వేస్తే ప్లగ్గు నిలవదు, పొడవుది వేస్తే లోపలికి పొడుచుకుని వచ్చి ఎర్రగా కాలుతుంది. ట్యాపు గాడుల్లో గ్రీజు నింపి దించితే రజను దానికి అంటుకుంటుంది. అయినా రెండు స్ట్రోకుల చిన్న ఇంజిన్లలో సిలిండరు విప్పి, బల్ల మీద పెట్టి చేయడమే నా సలహా. నాలుగు బోల్టులు విప్పే శ్రమకు భయపడి లోపల రజను వదిలేస్తే ఇంజిన్ మొత్తం పోతుంది. తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయాలి.

చుట్ట కాకుండా, గొట్టంలా దళసరిగా ఉండే బుష్ రకం ఇన్‌సర్టులు కూడా దొరుకుతాయి. మాటిమాటికీ విప్పి బిగించే చోట, అంటే ప్లగ్గు, ఆయిల్ బోల్టు దగ్గర అవి ఇంకా మేలు. కానీ ఖరీదు ఎక్కువ, చుట్టూ లోహం కూడా ఎక్కువ కావాలి.

ఇంట్లో చేయకూడని పనులు

స్టీరింగు, బ్రేకు, చక్రాల హబ్ స్టడ్లు, పి.టి.ఓ. షాఫ్టు, ట్రాలీ తగిలించే హుక్ బోల్టులు. ఈ ఐదింటికీ మర తెగితే భాగాన్నే మార్చాలి, లేదా అధీకృత సర్వీసు కేంద్రంలో చేయించాలి. అక్కడ ఇన్‌సర్టు నిలవదని కాదు. ఎంత బిగింపు ఇచ్చామో, కోసిన మర ఎంత నిటారుగా ఉందో ఇంట్లో కొలవలేం. అది ఊడితే ట్రాక్టరు మీద కూర్చున్నవారి ప్రాణం మీదికి వస్తుంది. వారంటీలో ఉన్న కొత్త ట్రాక్టరు ఇంజిన్‌ను కూడా ముట్టుకోవద్దు. మనం చేసిన రంధ్రం చూసి వారంటీ రాదంటారు.

రోటవేటర్ బ్లేడు బోల్టులకు మర పోతే బోల్టు, నట్టు రెండూ కొత్తవే వేయాలి, తల మీద 8.8 లేదా 10.9 గుర్తు ఉన్నవి.

ఎవరు ఎంత కొనాలి?

రెండు మూడెకరాల రైతుకు ముందుగా 6, 8, 10, 12 మి.మీ. ట్యాపులు, వాటికి 5, 6.8, 8.5, 10.2 బిట్లు, దారి వేయడానికి 3 మి.మీ. బిట్లు రెండు, హ్యాండిలు ఒకటి, సెంటర్ పంచ్, వెర్నియర్ కాలిపర్ ఉంటే చాలు. పాత ట్రాక్టరు ఉన్నవారు తమ బోల్టులు కొలిచాక మూడు ఎనిమిదో వంతు అంగుళం, అర అంగుళం ట్యాపులు కలుపుకోవాలి. డ్రిల్లు మిషను 13 మి.మీ. చక్ ఉన్నది, వేగం మార్చుకునే వీలున్నది కొనండి. మట్టి తడిగా ఉన్నచోట పొడిగించిన తీగతో వాడకూడదు.

హెలికాయిల్ కిట్లు మాత్రం ఒక్కో ఇంటికి ఒకటి అవసరం లేదు. ఏడాదికి ఒకటి రెండు సార్లే పని పడుతుంది. నలుగురైదుగురు కలిసి 6, 8 మి.మీ. కిట్లు, ప్లగ్గు కిట్టు తెచ్చుకుంటే అందరికీ సరిపోతుంది. ఊళ్లో ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చదివిన కుర్రవాడు ఉంటే కిట్టు అతని దగ్గరే పెట్టండి. ట్యాపు పట్టడం, ఆకురాయి వేయడం ఆ చదువులో చేత్తో నేర్పించే పనులే.

పని అయ్యాక బిట్లు, ట్యాపులు తుడిచి నూనె రాసి, ఒకదానికొకటి తగలకుండా ఉంచాలి. అరంగుళం ప్లాస్టిక్ పైపు ముక్కలకు రెండు వైపులా మూతలు పెట్టి, ఒక్కో ముక్కలో ఒక సైజు ట్యాపును దాని బిట్టుతో కలిపి ఉంచండి. పైపు మీద "8 బోల్టు – 6.8 బిట్టు" అని పెయింటుతో రాసి పెట్టండి. పురుగు మందులు, ఎరువుల సంచులు ఉన్న గదిలో మాత్రం వీటిని పెట్టవద్దు. ఎరువుల తేమ ఒక్క వానాకాలంలోనే ట్యాపు అంచులను తినేస్తుంది.